ఏడాదిలో తొమ్మిది నెలలు: దూరాన ఉన్న జవాను, ఇంటి దగ్గర ఉన్న భార్య చేసుకోవలసిన ఏర్పాట్లు

కొత్తగా పెళ్లయిన జంటను ఆషాఢంలో నెల రోజులు విడిగా ఉంచితేనే మన ఇళ్లలో ఇరువైపులవాళ్లూ శ్రావణం ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెడతారు. సైన్యంలో జవానుకు నిబంధనల ప్రకారం ఏడాదికి దొరికేది 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు. ఒక్క రోజు కూడా కోత పడకుండా మొత్తం వాడుకోగలిగినా, కుటుంబాన్ని వెంట ఉంచుకునే వీలు లేని ఫీల్డ్ పోస్టింగులో ఉన్నవాడు ఏడాదిలో తొమ్మిది నెలలు ఇంటికి దూరంగానే ఉంటాడు. ఊర్మిళలాగా అంతకాలమూ నిద్రపోయే వీలు అతని భార్యకు ఉండదు. పాలవాడి లెక్క మొదలుకొని పొలం కౌలు వరకు అన్నీ ఆమె ముందుకే వస్తాయి.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి మిలటరీ మాధవరమనే పేరు ఊరికే రాలేదు. ఇంటింటా సైనికులు ఉండే అటువంటి ఊళ్లో కొత్త కోడలికి ఈ సంగతులన్నీ అత్తగారే చెప్పగలరు, ఎందుకంటే ఆవిడ కూడా ఒకప్పుడు జవాను భార్యే. ఊరంతటికీ ఒక్కడే జవాను ఉన్నచోట చెప్పేవారు ఉండరు. సర్వీసులో ఎక్కువ కాలం యూనిట్ ఆఫీసులో గుమస్తాగా కాగితాలు చూసినవాడిని కాబట్టి, నేను ఈ విషయాన్ని కాగితాల వైపు నుంచే మొదలుపెడతాను. భర్త బాధ్యతలన్నీ భార్యకు అప్పగించి, వాటిని నెరవేర్చడానికి కావలసిన అధికారాన్ని మాత్రం తన దగ్గరే ఉంచుకొని రైలెక్కిన ఇళ్లలోనే ఎక్కువ చిక్కులు రావడం నేను చూశాను.

పెళ్లి ఊరికి తెలిస్తే చాలదు, యూనిట్‌కు తెలియాలి

సైన్యం దృష్టిలో మీ పెళ్లి జరిగినట్టు లెక్క పార్ట్ టూ ఆర్డర్, అంటే జవాను సొంత వివరాల్లో వచ్చిన మార్పును రికార్డుకు ఎక్కించే యూనిట్ ఉత్తర్వు, వెలువడిన తరువాతే. అందుకని ముహూర్తం అయిన వారంలోనే వివాహాన్ని రిజిస్టరు చేయించి, ఆ ధ్రువపత్రాన్నీ, ఇద్దరూ కలిసి దిగిన ఫొటోనూ, భార్య ఆధార్ నకలునూ పట్టుకొని యూనిట్‌కు వెళ్లాలి. అక్కడి గుమస్తా ఆ వివరాలతో ఆర్డర్ వెలువరిస్తే అది రికార్డు ఆఫీసుకు చేరుతుంది. భార్యకు డిపెండెంట్ కార్డు, క్యాంటీన్, మిలటరీ ఆసుపత్రిలో వైద్యం, ఫ్యామిలీ క్వార్టర్, ఇవన్నీ ఆ ఒక్క ఆర్డర్ మీద ఆధారపడి ఉంటాయి. బిడ్డ పుట్టినప్పుడు కూడా ఇదే పద్ధతి. జనన ధ్రువపత్రం చేతికి వచ్చిన వెంటనే దాని నకలు యూనిట్‌కు పంపాలి. వచ్చే సెలవులో చూద్దాంలే అని పక్కన పెట్టిన కాగితం మరచిపోయిన కాగితంతో సమానం.

ఇక్కడ తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఉన్న ఒక ఇబ్బంది గురించి కాస్త విడమరచి చెప్పాలి. మన ఇంటిపేరు ముందు వస్తుంది, ఉత్తరాది పద్ధతిలో అది చివరికి వెళుతుంది. పదో తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఉండనే ఉండదు. పెళ్లయ్యాక భార్య ఇంటిపేరు మారుతుంది, లేదా మారకుండా పుట్టింటిదే కొనసాగుతుంది. ఇలా ఒకే మనిషి పేరు నాలుగు కాగితాల్లో నాలుగు రకాలుగా ఉంటే, సర్వీసులో ఉన్నంత కాలం ఎవరూ పట్టించుకోరు గాని, పెన్షన్ కాగితాల దగ్గరికి వచ్చేసరికి ప్రతి అక్షరానికీ ఒక అఫిడవిట్ కావలసి వస్తుంది. పార్ట్ టూ ఆర్డర్‌కు ఇచ్చే ముందే భార్య పేరును ఏ రూపంలో స్థిరపరచుకోవాలో ఇద్దరూ నిర్ణయించుకొని, ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా మూడింటినీ ఆ రూపానికే మార్పించుకోవాలి. పాత పేరే ఉంచుకున్నా తప్పు లేదు, అన్నిచోట్లా ఒకటే ఉంటే చాలు.

తరువాతిది నామినేషన్. భర్తీ అయిన రోజున కుర్రవాడు ప్రావిడెంట్ ఫండ్‌కూ, ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్‌కూ తల్లి పేరో తండ్రి పేరో రాసి ఉంటాడు. పెళ్లి తరువాత దాన్ని మార్చాలన్న సంగతి గుర్తుండదు, గుర్తున్నా అమ్మ ఏమనుకుంటుందోనని వెనకాడతాడు. నా అభిప్రాయం అడిగితే, భార్యకూ తల్లికీ వాటాలు స్పష్టంగా రాసి, ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి, ఒకే గదిలో చెప్పడం మంచిది. చాటుగా మార్చిన నామినేషన్ ఏదో ఒకరోజు బయటపడుతుంది, అది బయటపడే రోజు సాధారణంగా మంచి రోజు కాదు.

డబ్బు ఎవరి చేతికి వెళ్లాలి

జవాను ఇళ్లలో అత్తాకోడళ్ల మధ్య వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. పెళ్లికి ముందు జీతం మొత్తం తల్లిదండ్రులకు పంపిన కొడుకు, పెళ్లయిన నెల నుంచి భార్యకు పంపితే అటువైపు బాధ, పంపకపోతే ఇటువైపు బాధ. జీతం పడే ఖాతాను భార్యతో ఉమ్మడి ఖాతాగా మార్చుకొని, ఇద్దరిలో ఎవరైనా తీసుకోగలిగే షరతు పెట్టించాలి. తల్లిదండ్రులకు ఇవ్వదలచిన మొత్తం నెలనెలా నిర్ణీత తేదీన వారి ఖాతాకు దానంతట అదే వెళ్లేలా బ్యాంకులో రాసి ఇవ్వాలి. అప్పుడు మామగారు మందుల కోసం కోడలిని అడగవలసిన అవసరం ఉండదు, కోడలు ప్రతి రూపాయికీ లెక్క చెప్పవలసిన అవసరమూ ఉండదు.

జీతపు చీటీని భార్యకు చదవడం నేర్పించాలి. మూల వేతనం, 5,200 రూపాయల మిలటరీ సర్వీస్ పే, ఉన్న ప్రాంతాన్ని బట్టి వచ్చే అలవెన్సులు ఒకవైపు ఉంటే, ఫండ్, ఇన్సూరెన్స్, ఏదైనా అప్పు తాలూకు కోతలు మరోవైపు ఉంటాయి. ఫీల్డ్ నుంచి పీస్ స్టేషన్‌కు, అంటే కుటుంబంతో ఉండగలిగే చోటుకు, వచ్చినప్పుడు కొన్ని అలవెన్సులు ఆగిపోయి చేతికి వచ్చే మొత్తం తగ్గుతుంది. ఈ సంగతి ముందుగా తెలియని భార్యకు, భర్త డబ్బు మరెక్కడికో పంపుతున్నాడన్న అనుమానం రావడం సహజమే. ఫీల్డ్ అలవెన్సును నమ్ముకొని చీటీ కట్టడం, ఇంటి అప్పుకు వాయిదా నిర్ణయించుకోవడం మాత్రం ఎవరూ చేయకూడదు.

పొలం, కోర్టు, కచేరీ

భూమి ఉన్నవాళ్లు పాసుపుస్తకం, కౌలు కాగితం, పన్ను రసీదులు ఒక సంచిలో పెట్టి భార్యకు అప్పగించాలి. తన తరఫున సంతకం చేసే అధికారాన్ని ఏ పనికి ఇస్తున్నారో ఆ పనికే పరిమితం చేస్తూ ప్రత్యేక అధికార పత్రం (స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించి, రిజిస్టరు చేయించాలి. అన్ని పనులకూ వర్తించే అధికార పత్రాన్ని మాత్రం, సొంత తమ్ముడికైనా సరే, ఒకటికి రెండుసార్లు ఆలోచించాకే ఇవ్వాలి.

సరిహద్దులో ఉన్నవాడి పొలం గట్టు ఇక్కడ జరిగిపోతూ ఉంటుందన్నది పాత మాటే. అటువంటప్పుడు పనికివచ్చే దారులు రెండు ఉన్నాయి. జవాను తన కమాండింగ్ ఆఫీసరుకు విషయం రాసి ఇస్తే, ఆయన నేరుగా జిల్లా కలెక్టరుకు ఉత్తరం రాస్తారు. భార్య ఆ ఉత్తరం నకలుతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, దానిపై చర్య ఎంతవరకు వచ్చిందో కనుక్కుంటూ ఉండవచ్చు. ఆ కార్యాలయం మాజీ సైనికులకే అనుకొని చాలామంది అటువైపు చూడరు, అది సర్వీసులో ఉన్నవారి కుటుంబాలకు కూడా. వ్యవహారం కోర్టు దాకా వెళితే 1925 నాటి భారత సైనికుల వ్యాజ్యాల చట్టం ఉంది. యుద్ధ పరిస్థితుల్లోనో, చట్టం చెప్పిన ఇతర ప్రత్యేక పరిస్థితుల్లోనో పనిచేస్తూ కోర్టుకు రాలేని జవాను తరఫున ఎవరూ హాజరు కాకపోతే, నిర్ణీత పద్ధతిలో ధ్రువీకరణ అందాక కోర్టు ఆ విచారణను నిలిపివేయవలసి ఉంటుంది. సమన్లు అందిన రోజే భార్య వాటిని ఫొటో తీసి భర్తకు పంపాలి, అతను వాటిని వెంటనే యూనిట్ ఆఫీసులో ఇవ్వాలి. సంగతి తెలియకుండా ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మనం హాజరు కాకుండానే ఇచ్చిన తీర్పు, వచ్చాక దాన్ని కొట్టివేయించుకోవడం ఇంతకంటే చాలా పెద్ద పని.

ఫోను, ఉత్తరం

మాట్లాడే వేళను ఇంటి పనిని బట్టి గాక డ్యూటీని బట్టి నిర్ణయించుకోవాలి. రాత్రి గార్డు డ్యూటీ ఉన్నవాడు పగలు నిద్రపోతాడు, అప్పుడు ఫోన్ తీయకపోవడం నిర్లక్ష్యం కాదు. సిగ్నల్ లేని పోస్టుకు వెళుతున్నప్పుడు "ఇన్ని రోజులు ఫోన్ రాదు" అని చెప్పి వెళ్లడం, చెప్పిన గడువు మీద ఇంకో వారం అదనంగా కలిపి చెప్పడం మంచి అలవాటు. శుక్రవారం చేస్తానన్న ఫోన్ ఆదివారం వచ్చిందంటే ఆ రెండు రోజులూ ఇంట్లో ఎవరూ అన్నం తినరు. ఎక్కడికి వెళుతున్నదీ, ఎంతమంది వెళుతున్నదీ మాత్రం చెప్పకూడదు, భార్య కూడా అడగకూడదు. యూనిఫాంలో ఉన్న భర్త ఫొటో, యూనిట్ పేరు, సెలవుకు బయలుదేరిన తేదీ సోషల్ మీడియాలో పెట్టకూడదన్న సంగతి మరిదికీ, ఆడపడుచుకూ కూడా చెప్పి ఉంచాలి, ఎందుకంటే పొరపాటు ఎక్కువగా వారి వైపు నుంచే జరుగుతుంది.

ఉత్తరం రాసే అలవాటు ఇంకా వదులుకోకూడదని నేను అంటే ఇప్పటి కుర్రవాళ్లు నవ్వుతారు. కానీ సిగ్నల్ అందని పోస్టుకు రేషన్‌తో పాటు ఉత్తరాల సంచి చేరుతుంది. చిరునామాలో నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ రాసి, చివర 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అనో 99 ఏపీఓ అనో, యూనిట్ చెప్పినట్టు రాస్తే చాలు. ఊరి పేరు రాయనక్కరలేదు, రాయకూడదు. ఉత్తరాలు రాసిన వరుసలోనే చేరతాయన్న నమ్మకం లేదు గనుక ప్రతి ఉత్తరం పైన 1, 2, 3 అని అంకె వేయాలి. కోపంలో రాసిన ఉత్తరం కంటే ముందు, ఆ కోపం తగ్గాక రాసిన ఉత్తరం చేరిన సందర్భాలు ఉన్నాయి. అంకె లేకపోతే ఏది ముందో తేల్చుకోలేక మనిషి నెల రోజులు తల పట్టుకుంటాడు.

పిల్లల విషయంలో రోజువారీ చిన్న సంగతులే రాయాలి, చెప్పాలి. మూడు నెలలకోసారి ప్రోగ్రెస్ కార్డు చూపించినంత మాత్రాన తండ్రికి బిడ్డ గురించి ఏమీ తెలిసినట్టు కాదు. పిల్లవాడు ఏ కూర తినడం మానేశాడో, ఎవరితో పోట్లాడాడో తెలిస్తే ఫోనులో మాట్లాడడానికి తండ్రికి మాట దొరుకుతుంది.

చెడ్డ వార్త ఎలా చేరవేయాలి

ఈ ఒక్క విషయంలో మాత్రం ఇంట్లో అందరూ ఒక మాట మీద ఉండాలి. ఇంట్లో మరణమో, ప్రమాదమో జరిగితే ముందుగా యూనిట్‌కు ఫోన్ చేయాలి, ఆ తరువాతే మనిషికి. కంపెనీ హవల్దార్ మేజర్ నంబరు, సీనియర్ జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) నంబరు, భర్తకు బడ్డీగా ఉన్న తోటి జవాను నంబరు, ఈ మూడూ భార్య దగ్గర రాసి ఉండాలి. రాత్రి రెండు గంటలకు ఒంటరిగా, చేతిలో ఆయుధంతో నిలబడినవాడికి తండ్రి పోయాడన్న మాట నేరుగా చేరకూడదు. యూనిట్‌కు తెలిస్తే, అతన్ని డ్యూటీ నుంచి దించి, పక్కన మనిషిని కూర్చోబెట్టి, సెలవు కాగితమూ ప్రయాణ ఏర్పాటూ సిద్ధం చేసి చెబుతారు. పూర్వం ఇటువంటి వార్తలు, సెలవు పొడిగింపు అభ్యర్థనలు టెలిగ్రాముల్లో వెళ్లేవి. 2013 జూలైలో టెలిగ్రాం ఆగిపోయాక ఆ పని ఫోనుదే అయింది. ఫోనుతో పాటు ఆసుపత్రి కాగితమో, మరణ ధ్రువపత్రమో ఫొటో తీసి పంపితే సెలవు మంజూరు తేలికవుతుంది.

చిన్నాచితకా తగాదాలకు కూడా ఇదే సూత్రం కొంతవరకు వర్తిస్తుంది. వదిన అన్న మాట, తోడికోడలి ముఖం ముడుచుకోవడం అప్పటికప్పుడు ఫోనులో చెప్పితే, ఏమీ చేయలేని దూరంలో ఉన్నవాడికి ఆ రాత్రి నిద్ర ఉండదు. అలాగని అన్నీ దాచిపెట్టమని నేను చెప్పడం లేదు. ఆరోగ్యం, డబ్బు, భద్రత, ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి ఇబ్బంది వచ్చినా వెంటనే చెప్పవలసిందే; మిగతావి ఉత్తరానికో, సెలవుకో ఉంచుకోవచ్చు. జవాను వైపు నుంచి చూస్తే, మనసు బాగా కుంగినప్పుడు బడ్డీతో చెప్పుకోవడం, కంపెనీ కమాండరు ఇంటర్వ్యూ అడగడం బలహీనత కాదు. ఇంటి సమస్య చెప్పుకొని సెలవు అడిగినవాడిని నేను తక్కువగా చూసిన రోజు లేదు, చెప్పుకోకుండా లోపలే నలిగినవాళ్ల కాగితాలు సర్దవలసి వచ్చిన రోజులు మాత్రం ఉన్నాయి.

సెలవును ఎలా పంచుకోవాలి

సెలవు ప్రణాళిక ఏడాది మొదట్లోనే యూనిట్‌లో తయారవుతుంది. తెలుగువాళ్లందరికీ సంక్రాంతికే కావాలి, పంజాబీలకు లోహ్రీ అప్పుడే, తమిళులకు పొంగల్ అప్పుడే. ప్రతి ఏడాదీ పెద్దపండుగ కోసం పట్టుబట్టడం కంటే, ఒక ఏడాది పండుగకు, మరో ఏడాది బడులు తెరిచే జూన్‌కు రావడం తెలివైన పద్ధతి. తొలి కాన్పు పుట్టింట్లో జరిగేటప్పుడు డాక్టరు చెప్పిన తేదీకి సెలవు పెట్టుకుంటే, బిడ్డ ఆలస్యంగా పుట్టి, తండ్రి తిరిగి రైలెక్కిన మర్నాడు కబురు రావడం జరుగుతూ ఉంటుంది. కాన్పుకు వాహనం, రక్తం ఇవ్వగలవాళ్లు, తోడుండే ఇద్దరు మనుషులు, ఈ ఏర్పాట్లు ముందే చేసి, తన సెలవును బిడ్డ పుట్టిన తరువాతి రోజులకు ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం. దగ్గరలో మిలటరీ ఆసుపత్రి ఉంటే, ఉదాహరణకు సికింద్రాబాదులో మిలటరీ హాస్పిటల్, విశాఖపట్నంలో నౌకాదళానికి చెందిన కల్యాణి ఆసుపత్రి, అక్కడ ముందుగానే పేరు నమోదు చేయించుకోవాలి. ఈసీహెచ్‌ఎస్ అన్నది రిటైరైనవారి వైద్య పథకం. దానికీ దీనికీ ముడిపెట్టుకొని తిరగవద్దు.

లద్దాఖ్‌లోని లేహ్ వైపు నుంచి వచ్చేవాడికి చాలావరకు వాతావరణం అనుకూలించి విమానం ఎగిరితేనే కిందికి ప్రయాణం. విమానం దిగిన చోటి నుంచి రైల్లో మన వైపు రావడానికి మరో రెండు రోజులు పడుతుంది. అందువల్ల గృహప్రవేశమో, అన్నప్రాశనో అతను వస్తానన్న మర్నాడు పెట్టకుండా, కనీసం ఐదు రోజులు ఎడం ఉంచి ముహూర్తం చూడమని పురోహితుడికి చెప్పాలి.

వచ్చిన మొదటి మూడు రోజులు తనిఖీ అధికారిలాగా ప్రవర్తించకూడదు. బియ్యం డబ్బా చోటు మారి ఉంటుంది, పిల్లలు అన్నిటికీ అమ్మనే అడుగుతారు, చిన్నది దగ్గరకు రాకుండా తలుపు చాటున నిలబడుతుంది. తాను లేనప్పుడు ఇల్లు నడవడానికి ఒక పద్ధతి ఏర్పడింది; ఆ పద్ధతిని ఇరవై రోజుల కోసం తలకిందులు చేసి వెళితే, దాన్ని మళ్లీ నిలబెట్టుకోవడానికి భార్యకు రెండు నెలలు పడుతుంది. లెక్కలు చూడాలనుకుంటే వెళ్లే ముందు వారంలో, ఇద్దరూ కూర్చొని చూసుకోవచ్చు. స్నేహితులకు, చుట్టాలకు మాత్రం సమయాన్ని మొదటే కొలిచి ఇవ్వాలి. క్యాంటీన్ సీసా కోసం వచ్చే బంధువుల వరుసకు అంతు ఉండదు. ఒక్కరికి ఇస్తే ఊరంతా చుట్టమవుతుంది.

పీస్ స్టేషన్ వచ్చినప్పుడు

పీస్ స్టేషన్‌కు పోస్టింగు రాగానే క్వార్టర్ కోసం పేరు నమోదు చేయించుకోవాలి. వరుసలో పేరు వచ్చేదాకా నెలలు పట్టవచ్చు గనుక, పిల్లల టీసీ తొందరపడి తీసుకోకూడదు. కొన్ని స్టేషన్లలో ఫీల్డ్‌లో ఉన్నవారి కుటుంబాల కోసం విడిగా క్వార్టర్లు కూడా ఉంటాయి, వాటి గురించి యూనిట్‌లో అడగాలి. భార్యకు హిందీ రాకపోతే, వెళ్లే ముందు ఇంట్లోనే ఫోనులో రోజూ పది నిమిషాలు హిందీలో మాట్లాడడం మొదలుపెట్టాలి. 1966లో సైనికుల భార్యల కోసం ఏర్పడిన సంక్షేమ సంఘం, అంటే ఆవా, జరిపే సమావేశాలకు మొదట్లో మొహమాటపడకుండా వెళ్లాలి. భర్త మళ్లీ ఫీల్డ్‌కు వెళ్లినప్పుడు ఫోన్ చేసి ధైర్యం చెప్పేది అక్కడ పరిచయమైనవాళ్లే.

తిరిగి వెళ్లేటప్పుడు

ఆవకాయ, గోంగూర, కందిపొడి ఎంత పెట్టినా సెక్షన్‌లో, అంటే తోటి జవాన్ల చిన్న జట్టులో, మొదటి వారానికే అయిపోతాయి. పచ్చడిని గాజు సీసాలో పెట్టకుండా గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, పైన నూనె తక్కువగా ఉంచి, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో చుట్టాలి. కొండ ఎక్కేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి నూనె పైకి పొంగి, బెడ్డింగు మొత్తం పాడవుతుంది.

ఎత్తైన చోటుకు తిరిగి వెళ్లేవాడు చేరిన వెంటనే పోస్టుకు వెళ్లడు. సుమారు నెలకు మించి కింద ఉండి వచ్చినవాడు 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు ఆగి శరీరాన్ని గాలికి అలవాటు చేసుకోవాలి, అందులో మొదటి రెండు రోజులు దాదాపు విశ్రాంతే. ఇంకా పైకి వెళ్లాలంటే ప్రతి దశకూ మరికొన్ని రోజులు. లేహ్ లాంటి చోట ఈ రోజుల్లో సాధారణంగా ఫోన్ సిగ్నల్ దొరుకుతుంది. సెలవులో మిగిలిపోయిన కాగితాలు, బిడ్డ జనన ధ్రువపత్రం నకలు, మార్చిన నామినేషన్ ఫారం, సమన్ల ఫొటో, ఇవన్నీ ఆ ఆరు రోజుల్లోనే ఫోనులో తెప్పించుకొని యూనిట్ గుమస్తాకు చేర్చి, అందినట్టు సంతకం తీసుకొని, ఆ సంగతి భార్యకు చెప్పాకే పైకి బయలుదేరాలి.